చిన్నసామి పరిచిన నేల

ఐదు కొట్లలో నాలుగు మూసేసి ఒక్కదాన్నే ఉంచుకుందామని జనార్దనం ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి చెప్పి, ఆ బుధవారానికి సరిగ్గా మూడు వారాలు.

ఈ మూడు వారాల్లో స్టీలు పాత్రల కొట్టు దాయాదుల చేతికి పోయింది. పురసవాక్కంలో డిపార్ట్‌మెంటల్ స్టోరు ఖాళీ అయింది. ఫ్యాన్లూ మిక్సీలూ అమ్మే షోరూము బోర్డు దింపేశారు. మిగిలినవి రెండు. ఒకటి అంబత్తూరులో కూతురు భువనేశ్వరి నడిపే ఇంటి సామాన్ల స్టోరు. కొళాయిలు, టైళ్ళు, రంగులు, తాళాలు, తలుపులు, కొత్తగా ఇల్లు కట్టేవాళ్ళకీ పాత ఇల్లు బాగుచేసుకునేవాళ్ళకీ ఏం కావాలన్నా దొరికే చోటు. ఉండాల్సింది అదే. రెండోది చాకలిపేట ఎం.సి. రోడ్డులో కొడుకు వెంకట్రామ్ చూసుకునే పట్టుచీరల కొట్టు. పోవాల్సింది అది. ఆ కట్టడం కొని నగల షాపు పెట్టడానికి కామేశం అనే ఆయన సిద్ధంగా ఉన్నాడు. గురువారం రిజిస్ట్రేషను. అమ్మగా వచ్చే డబ్బుతో షోళింగనల్లూరులో భువన మొదలుపెట్టిన రెండో స్టోరు పూర్తి కావాలి.

కట్టడం ముగ్గురి పేరు మీద ఉంది. సమ్మతి కాయితం మీద తండ్రీ కూతురూ సంతకాలు పెట్టారు. వెంకట్రామ్ పెట్టలేదు.

"నా కొట్లో నలభై నాలుగు మంది ఉండారు. ఒక్కర్ని కూడా ఇంటికి పంపనంటా ఉంది భువన. అందరికీ తన స్టోర్లో పని ఇస్తాదంట. పట్టుచీర మడతపెట్టిన చేతులు కొళాయి అమ్ముతాయా నాయనా? ఒక్కడు అమ్మి చూపించమను, నా కళ్ళ ముందర. అప్పుడు పెడతా సంతకం" అన్నాడు.

"ఎవర్ని పంపిస్తావో నువ్వే చెప్పన్నా" అంది భువన.

వెంకట్రామ్ చిన్నసామి పేరు చెప్పాడు. ఎందుకు చెప్పాడో అతనికి తెలుసు. కొట్లో అందరికన్నా బాగా అమ్మేవాడు చిన్నసామే. అందరికన్నా చీర తప్ప ఇంకేదీ తెలియనివాడూ చిన్నసామే.

బుధవారం పొద్దున పది గంటలకు, అంబత్తూరు ఎస్టేటు స్టాపులో బస్సు దిగి, చేతిలో గుడ్డసంచీతో చిన్నసామి గేటు దాటి వచ్చేసరికి వెంకట్రామ్ అప్పటికే లోపలున్నాడు. టైళ్ళ విభాగం పక్కన ఒక రంగుడబ్బా మీద కూర్చున్నాడు. కుర్చీ తెప్పిస్తానంది భువన. వద్దన్నాడు.

ఆ స్టోరు ఒకప్పుడు సైకిలు సామాన్లు చేసే ఫ్యాక్టరీ. మూతపడి పిచ్చిచెట్లు మొలిచిన షెడ్డును ఐదేళ్ళ కిందట భువన బాడుగకు తీసుకుంది. అంతకుముందు ఈ వ్యాపారమంతా సెంబుదాసు వీధిలో పదడుగుల కొట్లో జరిగేది. మేకులు, పైపులు, గొలుసులు. కుటుంబంలో ఎవరికీ అక్కర్లేని కొట్టది. బోర్డు మీద 'జనార్దనం అండ్ సన్' అని ఉండేది గానీ ఆ సన్ను దానివైపు తలైనా తిప్పలేదు. పదకొండేళ్ళ కిందట కూతురు పోయి ఆ స్టూలు మీద కూర్చుంది. కొన్నవాడు వెనక్కి తెచ్చిన కొళాయిని విప్పి చూసి, లోపల వాషరు ఎందుకు అరిగిందో అడిగి తెలుసుకునేది. ఆర్నెల్లలో తనే స్పానరు పట్టి బిగించడం నేర్చుకుంది. సాయంత్రం ఇంటికొస్తే వేళ్ళకు గ్రీజు వాసన. అమ్మ తిట్టేది. వెంకట్రామ్ నవ్వేవాడు.

ఇప్పుడు డబ్బా మీద కూర్చుని చుట్టూ చూస్తున్నాడు. స్టోరు తెరిచిన రోజున వచ్చి కొబ్బరికాయ కొట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ రావడం ఇదే. సరుకు దాచుకునే కౌంటరే లేదు ఇక్కడ. గోడకు వరసగా బిగించిన కొళాయిల్లోంచి నిజంగానే నీళ్ళు వస్తున్నాయి. 'తిప్పి చూడండి' అని పైన అరవంలోనూ తెలుగులోనూ రాసి ఉంది. తలుపులు చట్రాలకు బిగించి నిలబెట్టి ఉన్నాయి. ఒక పెద్దమనిషి వచ్చిన దగ్గర్నుంచి ఒకే తలుపు తీస్తున్నాడు, వేస్తున్నాడు, మళ్ళీ తీస్తున్నాడు. ఎవరూ ఏమీ అనడం లేదు. ఆరోసారి వేసి, చెవి ఆనించి మడతబందు శబ్దం విని, తల ఊపి, బిల్లు వేయించుకోడానికి వెళ్ళాడు.

తన కొట్లో అయితే ఇన్నిసార్లు ఒకే చీర విప్పించిన వాళ్ళను లోలోపల తిట్టుకునేవాడు.

"వచ్చినావా చిన్నసామీ! కాఫీ తాగినావా?" అంటూ భువన ఎదురొచ్చింది. ముప్పై ఆరేళ్ళ మనిషి. నూలు చీర కొంగు నడుముకు దోపుకుని, చెవి వెనక పెన్సిలు పెట్టుకుని ఉంది.

"అయింది చిన్నమ్మా. ఏడ నిలబడమంటారు?"

"ఈడే. టైళ్ళ దగ్గర. ఎవరు ముందొస్తే వాళ్ళకు నువ్వే చూపించాల. ఈ విభాగం చూసే ఆనందన్ పక్కనే ఉంటాడు గానీ నోరు తెరవడు. అన్న పెట్టిన షరతు అది."

చిన్నసామి యాభై ఐదేళ్ళవాడు. ఆరణి దగ్గర ఊరు. ఇంట్లో అరవం, కొట్లో తెలుగు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, నుదుట సన్నటి విభూతి. ముప్పై ఒక్క ఏళ్ళుగా తెల్ల పరుపు మీద మోకాళ్ళ మీద కూర్చుని చీరలు విప్పినవాడు. టైళ్ళు పరిచిన నేల అంచుకు వచ్చి అలవాటుగా చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. ఆనందన్‌కు నవ్వొచ్చింది. భువన చూపు పడగానే మింగేశాడు.

పదకొండు దాటాక భార్యాభర్తలిద్దరు వచ్చారు. ఆయన పేరు ఆరోగ్యసామి. రాయపురం మనిషి. హార్బరులో క్రేను నడిపి ఆ ఏడే రిటైరయ్యాడు. తిరుముల్లైవాయల్లో రెండు గదుల ఇల్లు కడుతున్నాడు. గోడలు పూర్తయ్యాయి, నేల మిగిలింది. గట్టి గొంతు. క్రేను మీంచి కింద ఉన్నవాళ్ళతో ముప్పై ఏళ్ళు మాట్లాడిన గొంతు మరి. భార్య ఆయన వెనక రెండడుగుల దూరంలో నిలబడింది. ఒక కాలు కొంచెం ఈడుస్తోంది.

"మెరిసే తెల్ల టైలు ఉండాదా? మొహం చూసుకునేంత మెరవాల" అన్నాడు ఆయన అరవంలో.

చిన్నసామి ఉన్నవన్నీ తీయడం మొదలుపెట్టాడు. టైలు బరువు చేతికి కొత్త. రెండోది జారి అంచు విరిగింది. ఆరోగ్యసామి వరసగా అడుగుతున్నాడు. ఇది నీళ్ళు పీలుస్తాదా? పన్నెండుకు పది గదికి ఎన్ని పెట్టెలు పడతాయి? గీతలు పడతాయా? పెట్టెకూ పెట్టెకూ రంగు మారితే ఎవరు పూచీ?

చిన్నసామి నోరు తెరుస్తాడు, మూస్తాడు. ఒకసారి ఆనందన్ వైపు చూశాడు. ఆనందన్ ఒక అడుగు ముందుకు వేయబోతే భువన తల అడ్డంగా ఊపింది. ఆమె చేతిలో కొలత టేపు ఉంది. దాన్ని లాగుతోంది, వదులుతోంది.

వెంకట్రామ్‌కు మొదట సంతోషమే కలిగింది. నేనేం చెప్పాను, చూశారా అనుకున్నాడు. అంతలోనే చిన్నసామి మెడ వెనక చెమట కారి కాలరు తడిసిపోవడం కనిపించింది. తన కొట్లో ఈ మనిషి ఎవరిముందూ ఇలా తడబడలేదు. పెళ్ళివాళ్ళు ఇరవైమంది మీదపడినా నవ్వుతూ నిలబడేవాడు. ఇక్కడికి తెచ్చి నిలబెట్టింది తనే. లేచి 'పోదుం, ఇంక చాలు' అనేద్దామనుకున్నాడు.

అతను లేచేలోపలే చిన్నసామి చేతిలో టైలు కింద పెట్టేశాడు.

"అయ్యా, మీరడిగేవి నాకు తెలీవు" అన్నాడు. "నేను చీరలమ్మే వాణ్ణి. ముప్పై ఏళ్ళు అదే చేసినా. ఈ రాయి ముట్టుకోవడం నాకు ఈ పొద్దే మొదలు. పీల్చేదీ పీల్చనిదీ ఈ ఆనందన్ చెప్తాడు. నన్ను మాత్రం అమ్మను ఒక మాట అడగనీయండి."

ఆరోగ్యసామి తెల్లబోయి పక్కకు తప్పుకున్నాడు. ఆవిడ ఉలిక్కిపడింది. అప్పటిదాకా ఏ షాపులోనూ ఆవిణ్ణి ఎవరూ ఏమీ అడిగినట్టు లేదు.

"ఇప్పుడుండే ఇంట్లో నేల ఎట్టా ఉంటాది తల్లీ?"

ఆవిడ మొగుడి వైపు చూసి, తర్వాత చెప్పింది. "సిమెంటు. ఎప్పుడూ తడే. వీధి కొళాయి మా గడప పక్కనే. చేపలబుట్టలు దించేది కూడా ఆడనే. ఎంత తుడిచినా ఆరదు. పోయిన అయిప్పసి నెల వానల్లో జారి పడినా. మోకాలు అప్పట్నించీ ఇట్టా."

"మరి ఈయన మెరిసే తెల్లది అడుగుతా ఉండారే!"

ఆవిడ చూపు పక్కనున్న గరుకు టైళ్ళ మీదికి పోయింది. ఆ చూపును చిన్నసామి పట్టుకున్నాడు. అది అతనికి బాగా తెలిసిన సంగతి. కొట్లో అత్తగారు ఎర్రచీర చూపిస్తుంటే పెళ్ళికూతురి కళ్ళు ఎక్కడికి పోతాయో ముప్పై ఏళ్ళుగా చూస్తున్నవాడు.

పక్కన బకెట్లో నీళ్ళుంటే చేత్తో తీసుకుని మెరిసే తెల్ల టైలు మీద చల్లాడు.

"అయ్యా, చెప్పులు విప్పి దీని మీద నిలబడండి. నా భుజం పట్టుకోండి, పడిపోతారు."

ఆరోగ్యసామి ఎక్కాడు. మడమ జర్రున జారింది. చిన్నసామి భుజం గట్టిగా పట్టుకుని "ఆమా! అవునే!" అన్నాడు. ఆ తర్వాత భార్య కాలి వైపు చూశాడు. ఇంక తెల్ల టైలు మాట ఎత్తలేదు.

అప్పుడు చిన్నసామి పని మొదలుపెట్టాడు. పంచె ఎగగట్టి నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు, కొట్లో కూర్చున్నట్టే. గరుకుగా, మెరుపు లేకుండా ఉండే టైళ్ళలో ఇటుక రంగుది ఒకటి, బూడిద రంగుది ఒకటి, లేత పసుపుది ఒకటి తీసి ఆవిడ చీరకొంగు పక్కన పెట్టి చూశాడు. ఇటుక రంగు దగ్గర ఆవిడ చెయ్యి ముందుకొచ్చింది. మిగతా రెండూ పక్కకు పోయాయి.

"ఇది ఒళ్ళు" అన్నాడు. నాలుగు, ఎనిమిది, పదహారు టైళ్ళు ఒకదాని పక్కన ఒకటి పేరుస్తూ పోయాడు. "ఒట్టి ఒళ్ళు కట్టుకుంటే చీర బాగుంటాదా? అంచు కావాల." వెనక అరలో ఎవరూ అడక్క దుమ్ము పట్టిన సన్న పట్టీలు కనిపించాయి. మామిడిపిందెల వరుస ఉన్న బూడిద రంగు పట్టీలు. పంచె చెంగుతో దుమ్ము తుడిచి అంచుకు పేర్చాడు. "ఇప్పుడు కొంగు. మీ ఇంట్లో సామి పటం ఏ గోడకు పెడతారమ్మా?"

"తూర్పు గోడకు. మా చర్చి మాతది."

"అయితే దాని కింద ఈ మూల వరకూ అంచు రెండు వరుసలు. ఇంట్లోకి వచ్చినవాళ్ళ చూపు నేరుగా ఆడికి పోవాల."

పని ముగించి లేచి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని పక్కకు నిలబడ్డాడు. ఖరీదు చెప్పలేదు, బాగుందా అని అడగలేదు. విప్పిన చీరను కొనేవాళ్ళకు వదిలేసి పక్కకు తప్పుకోవడం అతని పద్ధతి. ఆ పద్ధతి వెంకట్రామ్‌కు తెలుసు. తనకు ఎంత ప్రయత్నించినా పట్టుబడని పద్ధతి.

ఆవిడ చెప్పులు విప్పింది. మొదట బాగున్న కాలు పెట్టింది, తర్వాత రెండోది. నెమ్మదిగా అంచుదాకా నడిచి వెనక్కి తిరిగింది. చిన్నసామి తడి చేసిన చోట కూడా నిలబడి చూసింది. జారలేదు.

"ఈ పక్కన మంచం వేస్తే" అంది, "అంచు కనపడతాదా?"

"గోడకు అడుగు దూరం వదిలితే కనపడతాది తల్లీ."

"వదుల్తాం" అన్నాడు ఆరోగ్యసామి. ఆ గట్టి గొంతు ఎక్కడికి పోయిందో, మెల్లగా అన్నాడు. "ముప్పై రెండేళ్ళుగా కాపురం చేస్తా ఉండా. దీనికి ఇటుక రంగు ఇష్టమని నాకు తెలీదు సామీ."

ఆనందన్ పెట్టెల లెక్క వేశాడు. భువన ఆ లెక్క చూసి రెండు పెట్టెలు కొట్టేసింది. "ఇన్ని వద్దయ్యా. తక్కువ పడితే మళ్ళీ రండి, ఇదే రంగు మీకోసం పక్కన పెట్టిస్తా. మిగిలితే విప్పని పెట్టెలు వెనక్కి తీసుకుంటాం" అని ఆరోగ్యసామితో చెప్పింది. "ఇంకొక సంగతి. టైలు వేసే ముందర నేల కింద పోయే పైపుల్లో నీళ్ళు వదిలి ఒక రోజు చూడండి. వేసినాక ఎక్కడన్నా కారితే ఈ అంచంతా పగలగొట్టాల్సి వస్తాది. మీకు మేస్త్రీ లేకపోతే నేను పంపిస్తా."

సరుకు అమ్ముడైన తర్వాత కొన్నవాడి ఇంటి పైపుల గురించి ఇంత ఆలోచించే మనిషిని వెంకట్రామ్ వ్యాపారంలో చూడలేదు. దంపతులు వెళ్ళిపోయాక కూడా భువన టైళ్ళ వైపే చూస్తూ, "మూడేళ్ళుగా ఆ పట్టీలు ఎవరూ కొనలేదన్నా. ఎట్టా చూపించాలో నాకు తెలీలేదు" అంది.

"చిన్నసామి అమ్మగలడని నీకు ముందే తెలుసా?"

"ఎట్టా తెలుస్తాది? ఆయన నోట మాట రాక నిలబడినప్పుడు నేనూ అయిపోయిందనే అనుకున్నా." నవ్వింది. "కానీ ఒకటి అనుకునే దాన్ని. చీర కొనేటప్పుడు ఆడమనిషి మనసులో ఏముందో మనవాళ్ళు కనిపెడతారు. ఇల్లు కట్టేటప్పుడు ఆమెను ఎవరూ అడగరు. మేస్త్రీ చెప్పినట్టు, మొగుడు చెప్పినట్టు అయిపోతాది. నాకు కావాల్సింది రాయి గురించి తెలిసినవాళ్ళు కాదన్నా. రాయి గురించి నేను నెలలో నేర్పిస్తా. అడగడం తెలిసినవాళ్ళు కావాల. వాళ్ళు నీ దగ్గర ఉండారు."

వెంకట్రామ్ రంగుడబ్బా మీంచి లేచాడు. మూడు వారాలుగా చెల్లెలు తన కొట్టును మింగేస్తోందనుకున్నాడు. తన మనుషుల విలువ తనకన్నా ఆమెకే ఎక్కువ తెలుసునని ఇప్పుడు అర్థమైంది. ఆ రోజు ఇంట్లో ఆమె అన్న మాట గుర్తొచ్చింది. 'ఐదు కొట్లు పెట్టుకుని ఐదింట్లోనూ రెండో వాళ్ళం, మూడో వాళ్ళం. ఒక్కటి చేద్దాం. దాంట్లో మనల్ని మించినవాడు ఉండకూడదు.' ఆ రోజు అది పొగరనిపించింది. ఈ రోజు ఆ తలుపు ఆరుసార్లు వేసి చూసుకున్న పెద్దమనిషినీ, చెప్పులు విప్పి నడిచిన ఆవిడనూ చూశాక అలా అనిపించలేదు.

"పెన్ను ఇయ్యి" అన్నాడు.

బిల్లులు వేసే బల్ల మీద సమ్మతి కాయితం పరిచి, మూడో గీత మీద సంతకం పెట్టాడు. జనార్దనానికి కబురు చెప్పడానికి ఆనందన్ ఫోను దగ్గరకు పరిగెత్తాడు. భువన కాయితం అందుకుంది గానీ చదవలేదు, మడవనూ లేదు. "అన్నా" అని మాత్రం అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే చెవి వెనక పెన్సిలు సర్దుకుంటున్నట్టు మొహం తిప్పుకుంది.

చిన్నసామి పరిచిన టైళ్ళన్నీ తిరిగి సర్దేసరికి గంట పట్టింది. అప్పుడు భువన అతని వైపు తిరిగింది. "చిన్నసామీ, టైళ్ళ విభాగమంతా నీది. నీ కింద పది మంది. షోళింగనల్లూరు తెరిచినాక ఆడ కూడా నువ్వే నేర్పించాల."

చిన్నసామి చెప్పులు వేసుకుని వచ్చాడు. చేతులు తుడుచుకుని గుడ్డసంచీ తెరిచి, నాలుగు మడతలు పెట్టిన పెద్ద కాయితం ఒకటి తీశాడు.

"ఇంత పెద్ద మాట అన్నందుకు కాళ్ళకు దండం పెడతా చిన్నమ్మా. కానీ నేను రాలేను."

భువన నవ్వు ఆగిపోయింది. వెంకట్రామ్ బల్ల దగ్గర్నుంచి తిరిగి చూశాడు.

"నేనొక్కణ్ణే కాదు" అన్నాడు చిన్నసామి. "నలభై నాలుగు మందిలో ఇరవై ఐదు మంది మీ దగ్గరకు వస్తారు. సంతోషంగా వస్తారు. పందొమ్మిది మంది మాత్రం రారు. మాకు చీర తప్ప వద్దు. కొట్టును మాకియ్యండని అడగడానికి నన్ను పంపినారు. ఊరికే కాదు, కట్టడానికి బాడుగ కడతాం. లాభం వచ్చినా నష్టం వచ్చినా మేం పంచుకుంటాం. ఇందులో అందరి చేవ్రాళ్ళూ ఉండాయి."

"ఈ మాట పొద్దున చెప్పుంటే?" వెంకట్రామ్ గొంతు పెరిగింది. "సంతకం పెట్టకముందు చెప్పుంటే!"

"చెప్పుంటే ఏమనుకునేవాళ్ళు చిన్నయ్యా? కొత్త పని చేతకాక, భయపడి అడుగుతా ఉండారనుకునేవాళ్ళు. చిన్నమ్మ జాలిపడేది. మాకు జాలి వద్దు. రాయి ఇచ్చినా అమ్ముతాం, అమ్మి చూపించినాం. అమ్మగలిగి కూడా చీరే కావాలంటా ఉండాం. అది చెప్పాలనే ఇంతసేపు ఆగినా."

భువన ఆ పెద్ద కాయితం తీసుకుని విప్పింది. అరవంలో, తెలుగులో, రెండు మూడు వేలిముద్రలతో పందొమ్మిది పేర్లు. పైన ఒక గీత ఖాళీగా ఉంది.

"ఇదెందుకు ఖాళీ?"

చిన్నసామి వెంకట్రామ్ వైపు చూశాడు. "అది చిన్నయ్యకు. మాకు సరుకు తెలుసు, కొనేవాళ్ళు తెలుసు. కంచిలో నేతగాళ్ళు మాత్రం చిన్నయ్య మొహం చూసి సరుకిస్తారు. మాకు కొట్టుకు పెద్దగా ఒక మొదలాళి కావాల. జీతమిచ్చే మొదలాళి కాదయ్యా, మాతో కూడా పరుపు మీద కూర్చునే మొదలాళి."

స్టోర్లో ఎక్కడో ఎవరో కొళాయి తిప్పి చూస్తున్నారు. నీళ్ళు పడి ఆగిన చప్పుడు వినిపించింది.

"ఆ కట్టడం అమ్మకపోతే" అని మొదలుపెట్టాడు వెంకట్రామ్. పూర్తిచేయలేదు. పూర్తిచేయాల్సిన అవసరం లేదు. షోళింగనల్లూరు రోడ్డు పక్కన, సరుగుడు తోపుల మధ్య, ఆ పక్క ఇళ్ళు వస్తాయని ఎవరూ నమ్మని రోజుల్లో భువన నమ్మి కొన్న జాగా అది. ఇరవై నాలుగు స్తంభాలు లేచి ఉన్నాయి. కప్పు వేయాలి. డబ్బు రాకపోతే ఆ స్తంభాలు వానలకు నానుతూ అట్లాగే నిలబడతాయి.

"తెలుసన్నా" అంది భువన.

"నేను సంతకం పెట్టేసినా."

"పెట్టినావు. చిన్నసామి సంగతి తెలీక పెట్టినావు." సమ్మతి కాయితం ఇంకా ఆమె చేతిలోనే ఉంది. దాని వైపు ఒకసారి చూసింది. మూడు వారాల పోరాటం, ఎన్నో ఏళ్ళ ఆశ ఆ ఒక్క కాయితం. "అన్నా, నేను ఈ పని చేస్తా ఉండేది నాకిష్టమని. నాకు ఇంకొకటి చేతకాక కాదు. ఆ మాటే చిన్నసామి చెప్తా ఉంటే కాదనడానికి నాకు నోరు రావడం లేదు. నీకేది ఇష్టమో నిన్ను మేమెవరమూ అడగలేదు. నాయన అడగలేదు, నేనూ అడగలేదు."

చెయ్యి చాపి కాయితం అతని ముందు పెట్టింది.

"నీ సంతకం నీది. ఉంచాలంటే ఉంచు. చించాలంటే చించు. షోళింగనల్లూరు సంగతి నేను చూసుకుంటా."

ఎలా చూసుకుంటుందో ఆమెకే తెలియదని వెంకట్రామ్‌కు తెలుసు. అయినా ఆ చెయ్యి వెనక్కి పోలేదు. అతను కాయితం అందుకున్నాడు. ఆమె వైపు చూశాడు, చిన్నసామి వైపు చూశాడు, పందొమ్మిది పేర్ల పైన ఖాళీగా ఉన్న గీత వైపు చూశాడు. కాయితాన్ని రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

అంతలో బయట కారు తలుపులు రెండు, ఒకదాని వెనక ఒకటి, పడిన చప్పుడైంది.

గేటులోంచి నాయన వస్తున్నాడు. తెల్ల జుబ్బా, చేతిలో కర్ర. వెనకే తోలుసంచీ చంకలో పెట్టుకుని కామేశం.

"రిజిస్ట్రేషను రేపు కాదంటరా" అంటూనే లోపలికొచ్చాడు జనార్దనం. మొహం వెలిగిపోతోంది. "కామేశం రేపు పొద్దునే బొంబాయికి పోతాండాడు. ఆ సంగతి చెప్పడానికి బయలుదేరతా ఉంటే ఆనందన్ ఫోను వచ్చింది. సంతకం పెట్టేసినావంట కదా! నా ప్రాణం లేచొచ్చినట్టయింది. రిజిస్ట్రారు ఆఫీసులో మాట్లాడేసినా. మూడు గంటలకు రమ్మన్నారు. ఈ పొద్దే ముగించేద్దాం."

జనార్దనం కూతురి మొహం చూశాడు, చేతులు కట్టుకుని నిలబడిన చిన్నసామిని చూశాడు, కొడుకు చేతుల్లో ఉన్న కాయితాన్ని చూశాడు. కర్ర ఎడమ చేతికి మార్చుకుని కుడి చెయ్యి చాపాడు.

"ఏందిరా, అందరూ అట్టా నిలబడిపోయినారు? ఆ కాయితం ఇటు తే."